ట్యాంకర్ తిరిగేదాకా

మా పాప నిషిత ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. రుద్రారంలో సూదులేసే డాక్టరు చెవుల్లో గొట్టం పెట్టుకుని విన్నాడు. "నా దగ్గర ఆవిరి పెట్టే మిషిన్ లేదమ్మా. ఆక్సిజన్ గిట్ల కావాలె. జల్దీ పటాన్‌చెరు తీస్కపో" అన్నాడు. 108కు ఫోన్ చేస్తే బండి దూరంలో ఉంది, ఆగమన్నారు. ఆగే ధైర్యం నాకు లేకపోయింది. మా ఆయన ప్రవీణ్ కంపెనీ లోపల ఉన్నాడు, వాళ్ళ ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. మా ఊరి యాదన్న ఆటో కనబడితే పరుగెత్తి చెయ్యెత్తాను. మోకాళ్ళ మందుల కోసం బయలుదేరిన నర్సింహమ్మ అప్పటికే అందులో కూర్చుని ఉంది.

యాదన్న పాపను ఒక్కసారి చూశాడు. ఇంకెవరినీ ఎక్కించుకోకుండా బండి తీశాడు.

యాదన్న మంచివాడు. వెనక నుంచి ఎవరైనా లైట్లు కొడితే పక్కకు జరుగుతాడు. రాంగ్ రూట్లో ఎదురొచ్చే బండికి, తప్పు వాళ్ళదే అయినా, తనే ఆగి పొమ్మని చెయ్యి ఊపుతాడు. వేరే రోజుల్లో నేను ఏరి కోరి ఆయన ఆటోనే ఎక్కుతాను. ఆ రోజు మాత్రం ఆయన బ్రేకు తొక్కినప్పుడల్లా పాపను ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని.

"యాదన్నా, గిట్ల అందరికి దారిచ్చుకుంట పోతే వచ్చే బోనాలకు చేరుతం" అంది నర్సింహమ్మ.

"ఏం జేయమంటవ్ అవ్వా? మీదికొస్తున్నరు గద."

"నువ్వు గూడ మీదికి పో. హారన్లు ఆళ్ళకేనా, నీ బండికి లేదా?"

ఇస్నాపూర్ దగ్గర అన్నీ నిలిచిపోయాయి. డివైడర్ సందులోంచి ఒక పెద్ద ట్యాంకర్ మా వైపుకు తిరుగుతోంది. ముక్కు మా రోడ్డులోకి వచ్చింది, తోక అవతలి రోడ్డుకు అడ్డంగా ఉంది. వెనక్కి పోదామంటే దాని వెనక లారీలు. ఎడమ పక్కన సవారీల కోసం ఆగిన ఆటోలు. మధ్యలో మిగిలిన సందులోంచి బైకులు ఒకదాని వెనక ఒకటి దూరుతున్నాయి. మా ఆటో పట్టేంత సందు లేదు. నాలుగు బైకులు ఆగితే చాలు, ట్యాంకర్ తిరిగిపోతుంది, అందరికీ దారి దొరుకుతుంది. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. ఆగే మొదటి బండి మాత్రం తనది కాకూడదు.

యాదన్న తల బయటపెట్టి చేతులు జోడించాడు. "అన్నా, జెర ఆగుండ్రి! దాన్ని పోనియ్యిండ్రి!"

"నువ్వెవడివి, ట్రాఫిక్ పోలీసువా?" అని ఒకతను నవ్వుతూ దూరిపోయాడు.

పాప పెదాలు నల్లబడుతున్నట్టు అనిపించింది. నీడ వల్లనేమో అనుకోబోయాను, అనుకోలేకపోయాను. కిందికి దిగి, పాపను భుజాన వేసుకుని, ఆ బైకుల ముందు నిలబడి చెయ్యెత్తాను. ఒక బైకు చక్రం నా చీర కుచ్చిళ్ళకు తగిలి ఆగింది.

"సచ్చెతందుకు నా బండే దొరికిందా?"

"పాపకు ఊపిరాడ్తలేదన్నా. ఒక్క నిమిషం."

అతను ఆగాడు. అతని వెనకవాడు మా ఇద్దరినీ చుట్టి ముందుకు పోయాడు. ఇంతలో నర్సింహమ్మ కుంటుకుంటూ వచ్చి నా పక్కన రెండు చేతులూ చాచి నిలబడింది.

"ఆగుండ్రి కొడుకా, మీ కాళ్ళు మొక్కుత! మీ ఇండ్లల్ల పిల్లలు లేరా?"

ఆగారు. ట్యాంకర్ మూలిగి కదిలింది. దాని పొడవంతా నా ముందు నుంచి పోతుంటే వేడిగాలి మొహానికి కొట్టింది. పాప మొహం మీద కొంగు కప్పి డివైడర్‌కు ఆనుకున్నాను.

దారి దొరికింది. దొరికిన దారిలోకి వెనక నిలిచిన బండ్లన్నీ ఒక్కసారే వచ్చాయి. నర్సింహమ్మ ఎలాగో ఆటో వైపు పోయింది. నేను డివైడర్ దగ్గరే చిక్కుకున్నాను. యాదన్న నా వైపు రావాలని చూస్తున్నాడు, ఆయన ముందు నుంచే అందరూ పోతున్నారు. ఒక కారాయన అద్దం దించాడు.

"చిన్నపిల్లను ఎత్తుకొని రోడ్డు మధ్యల నిలబడ్తవా? తెల్వి ఉన్నదా?"

నేను నోరు తెరిచేలోపు వెళ్ళిపోయాడు. జామ్ చేసింది నేనే అనుకున్నాడు. "అన్నా, రా!" అని అరిచాను. అప్పటిదాకా సన్నగా ఏడుస్తున్న పాప ఏడుపు ఆపేసింది. అది ఏడవకపోతే నాకు ఇంకా భయమేసింది.

ఎంతసేపటికో యాదన్న వచ్చాడు. ఎక్కాను. ఆయన మొహం ఎర్రబడి ఉంది.

"కండ్లు తెరిచిందా?" నర్సింహమ్మ అడిగింది.

"తెరిచింది అవ్వా. మూస్తున్నది."

కొంచెం దూరం పోయాక ఇంకో సందు వచ్చింది. ఒక డీసీఎం వ్యాన్ ముక్కు పెట్టి ఉంది. డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆగమని బతిమాలుతున్నాడు. యాదన్న కాలు బ్రేకు మీదికి పోయింది. అద్దంలో నన్ను చూశాడు.

నేను ఏమీ అనలేదు. నర్సింహమ్మ కూడా ఏమీ అనలేదు.

యాదన్న హారన్ నొక్కి పట్టుకుని దాని ముక్కు ముందు నుంచి దూరిపోయాడు. డీసీఎం కీచుమని ఆగింది. మా వెనక ఒక బైకు, దాని వెనక ఒక కారు అలాగే దూరాయి.

ఆ డీసీఎంలో ఇంకెవరున్నారో నేను చూడలేదు. పాప డొక్కల మీద చెయ్యి పెట్టి, అవి మళ్ళీ లేస్తున్నాయా లేదా అని చూస్తూ కూర్చున్నాను. పటాన్‌చెరు ఇంకా రాలేదు.