బాగున్న మోకాళ్ళు

ఎముకలో పెరిగిన మృదులాస్థి గడ్డ మంచిదో చెడ్డదో కోయకుండా, స్కానింగులోనే చెప్పగలమా అని ఆ ఆస్పత్రిలో పరిశోధన చేస్తున్నారు. గడ్డలున్నవాళ్ళు దొరికారు. పోల్చి చూడడానికి బాగున్న మోకాళ్ళే దొరకలేదు. మీవాళ్ళెవరినైనా తీసుకురండి అని డాక్టరమ్మ సిబ్బందిని బతిమాలింది. స్కానింగు టెక్నీషియన్ ఎవరినీ పిలవలేదు. అతనికి ఎవరూ లేరు. స్కానింగు ఊరికే తీస్తారని ఎవరి నోటో విని, బామ్మర్దే తయారయ్యాడు.

టెక్నీషియన్ భార్య కాలి గడ్డతో మంచాన పడి తీసుకున్నన్నాళ్ళూ ఈ తమ్ముడు ఆస్పత్రి గడప తొక్కలేదు. ఆమె పోయిన రోజున వచ్చి అందరికంటే గట్టిగా ఏడ్చాడు. ఆ తర్వాత బావ అతనితో మాట్లాడింది లేదు.

"నా మోకాళ్ళకేం బావా, గుర్రానివి," అంటూ బల్ల మీద పడుకున్నాడు బామ్మర్ది. టెక్నీషియన్ కుడి మోకాలికి తొడుగు బిగించి, కదలొద్దని చెప్పి, తలుపు మూసి ఇవతలి గదిలో కూర్చున్నాడు. యంత్రం డబడబలాడింది. తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి. మోకాలికి కాస్త పైన, తొడ ఎముకలో, కప్పగుడ్ల ముద్దలా తెల్లగా ఏదో కనిపించింది.

అదే చోటు. ఇలాంటి బొమ్మ అతను ముందొకసారి చూశాడు. వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు.

ఆమె చాలాసేపు చూసింది. ఎముక గోడను ఎక్కడా తినలేదంది. చిన్నప్పుడు లోపల మిగిలిపోయిన మృదులాస్థిలా ఉంది, భయం లేదు, ఎందుకైనా మంచిది ఆర్నెల్లకు ఇంకోసారి తీద్దాం అంది. నీ మనిషే కదా, నువ్వే చెప్పు అని వెళ్ళిపోయింది.

బయట బెంచీ మీద బామ్మర్ది గడియారం పెట్టుకుంటున్నాడు. తన కాళ్ళను ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారా అని వేళాకోళమాడాడు.

"ఎముకలో గడ్డ ఉంది," అన్నాడు టెక్నీషియన్.

భయం లేదన్న మాట నాలుక చివరే ఉంది. బయటికి రానివ్వలేదు.

గడియారం పట్టీ బామ్మర్ది చేతిలోనే ఆగిపోయింది.

"అక్కకి వచ్చిందే నాకూ వచ్చిందా బావా?"

"అక్కకి ఏ కాలికొచ్చింది?"

బామ్మర్ది నేల చూపులు చూశాడు. ఎడమ కాలు అనుకుంటా అన్నాడు.

ఇలాంటి రోజు ఒకటి వస్తే కడుపు చల్లబడుతుందని టెక్నీషియన్ ఏళ్ళుగా అనుకుంటూ వచ్చాడు. ఏమీ చల్లబడలేదు. పొద్దుట్నుంచి నిలబడ్డ నడుం మాత్రం పీకుతోంది.

"కుడికాలు," అన్నాడు. "నీది అది కాదు. డాక్టరమ్మ చూసింది. భయం లేదంది. ఆర్నెల్లకు మళ్ళీ రా."

బామ్మర్ది బావురుమన్నాడు. బావ చెయ్యి పట్టుకోబోయాడు. టెక్నీషియన్ చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"అప్పుడూ నువ్వే తీస్తావా బావా?"

"నా ఉద్యోగం అదే కదా," అని లోపలికి వెళ్ళి, బల్ల మీద దుప్పటి మార్చాడు.