నొప్పి నడుముకు, మిషిను నెత్తికి

నడుము నొప్పికి నెత్తికి పెట్టే మిషిను అనగానే బుచ్చవ్వకు అనుమానం వచ్చింది. అనుమానం రావడానికి ఆమెకు పెద్ద కారణం అక్కర్లేదు. పాలు పోసే మనిషి నవ్వుతూ పలకరించినా, ఇవాళ నీళ్లు ఎక్కువ కలిపాడేమోనని గిన్నెలోకి తొంగిచూసే రకం. అయితే ఈసారి మాత్రం కారణం ఉంది.

మూడేళ్లుగా నడుము పట్టేసి, కింద పడ్డ చెంబు కూడా తీసుకోలేకపోతోంది. కొండపాక పొలాల్లో నలభై ఏళ్లు నాట్లేసిన నడుము అది. కొడుకు కర్ణాకర్ మూడు దవాఖానలు తిప్పాడు. తీసిన ఎక్స్‌రే ఫొటోలన్నీ బాగానే వచ్చాయి. మూడో డాక్టరు గది బయట కర్ణాకర్ విసుగెత్తి, "అవ్వా, నీ నొప్పి నడుంల లేదే. నెత్తిల ఉంది" అనేశాడు. ఆ మాట ఆమెను నొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది. కన్నకొడుకే నాటకమనుకుంటే ఇక ఎవరికి చెప్పుకుంటుంది?

ఇప్పుడు సిద్దిపేటలో ఈ నాలుగో దవాఖాన. నొప్పులవాళ్లతో వ్యాయామాలు చేయించే రిషిత అనే అమ్మాయి, నల్లటి కళ్లద్దాల డబ్బా ఒకటి పట్టుకుని నిలబడింది.

"ఇది పెట్టుకుంటే పొలాలు, నీళ్లు కనవడ్తయ్ అవ్వా. మనసు అటు మళ్లితే నొప్పి తగ్గుతది. ఇయ్యాల తగ్గినోళ్లకు ఆరు వారాలు పెడ్తం. తగ్గనోళ్లకు వద్దని రాస్తం."

"నొప్పి నడుంల ఉంటే కండ్లకెందుకు బిడ్డా?"

"నొప్పి తెలిసేది మెదడుకే గదా."

బుచ్చవ్వ చురుగ్గా కొడుకు వైపు చూసింది. కర్ణాకర్ తల ఊపుతున్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట! ఇది వైద్యం కాదు, తన నొప్పిని నాటకమని నిరూపించే ఎత్తు. తగ్గిందని ఒక్కమాటంటే చాలు, ఉన్నదంతా నెత్తిలోనే అని తేల్చేస్తారు. బొమ్మలు చూస్తే పోయిందట ముసల్దాని నొప్పి అని నాట్ల కూలీలు గట్ల మీద కూర్చుని నవ్వుతారు.

రిషిత ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పదిలో నొప్పి ఎంతుందని అడిగింది.

"పదారణాలు" అంది బుచ్చవ్వ. రిషిత నవ్వి, పది అని రాసుకుంది. ఫోన్ మోగితే కర్ణాకర్ బయటికి వెళ్లాడు.

డబ్బా ముఖానికి తగిలించగానే బుచ్చవ్వ కళ్లు గట్టిగా మూసుకుంది. చూస్తే కదా తగ్గేది! చెవుల్లో మాత్రం నీళ్లు పారుతున్న చప్పుడు. కాలువ నీళ్లే, అనుమానం లేదు. ఎవరి పొలమో చూస్తే ఏం పోతుందని ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోదీ తెరిచింది.

చుట్టూ నీళ్లు నిలిచిన మడి, అప్పుడే నాటిన పచ్చటి నారు. నాటిందెవరో గానీ బొత్తిగా పని రానివాళ్లు. వరసలన్నీ వంకర. కాళ్ల ముందే జానెడు జాగా ఖాళీగా వదిలేశారు. బుచ్చవ్వకు ఒళ్లు మండింది.

"ఎవలేసిన్రే గీ నాటు? గింత జాగ ఇడిశిపెట్టిన్రు" అంటూ ఎడమచేత్తో లేని నారుకట్ట పట్టుకుని, ముందుకు వంగి, కుడిచేత్తో ఒక మొక్క గుచ్చింది. పక్కనే ఇంకోటి. వేళ్లకు బురదకు బదులు చల్లని గచ్చు తగిలింది.

"అవ్వా, వంగినవే!" రిషిత సంబరంగా అరిచింది.

నిజమే, చేయి నేలకు ఆనింది. మూడేళ్లలో మొదటిసారి నడుములో నొప్పి లేదు. ఏడుపొచ్చేంత హాయిగా ఉంది. ఆ వెంటే భయం వేసింది. గబగబా అద్దాలు లాగేసి నిటారుగా కూర్చుంది. నొప్పి మెల్లగా తిరిగొచ్చింది గానీ మునుపట్లో సగం కూడా లేదు.

కర్ణాకర్ లోపలికి వచ్చాడు. "తగ్గిందా మేడం?"

రిషిత నోరు తెరిచేలోగా బుచ్చవ్వ ఆమె చేయి పట్టుకుంది.

"నన్నడుగు. నొప్పి నాది. ఏం తగ్గలే. పదికి పదే."

"నిజం చెప్పవ్వా. తగ్గలేదని రాస్తే మళ్ల పెట్టరు" అంది రిషిత.

"తగ్గలేదంటే ఇనవేంది? రాయి బిడ్డా."

రిషిత ఆమె కళ్లలోకి చూసింది. నొప్పి ఎంతో చెప్పాల్సింది మనిషే గానీ మిషిను కాదు. పదికి పది అని రాసేసింది.

కర్ణాకర్ ఆ డబ్బా వంక చూశాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, తల్లి ముందు కూర్చుని ఆమె కాళ్లకు చెప్పులు తొడిగాడు.

"గింత పెద్ద మిషిన్‌కే తగ్గలేదంటే... నిజంగనే నొస్తుందా అవ్వా? నేను గట్ల అనకుండ ఉండాల్సింది."

మూడేళ్లుగా బుచ్చవ్వ ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసమే. రిషిత అద్దాలను అల్మారలో పెట్టి తాళం వేస్తోంది. బుచ్చవ్వ కళ్లు అటే ఉండిపోయాయి.

"నొస్తుంది బిడ్డా" అంది.