పొగ వద్దన్న మాట

మూకుడులో నిప్పులు కణకణలాడుతున్నాయి. మాణిక్యాంబ వాటి మీద సాంబ్రాణి చల్లి, గంప బోర్లించి, తలంటిన మనవరాలి జుట్టును దాని మీద పరిచింది. నాలుగేళ్ల హాసినికి రెండు రోజులుగా రొమ్ము పడిశం. పొగ జలుబును లాగేస్తుందని మాణిక్యాంబ వాళ్లమ్మ చెప్పేది. అందుకే ఇవాళ ఇంకాస్త చల్లింది.

తెనాలిలో ఒక బడిలో ఆయా ఆమె. మడమలు పగిలాయి, వేళ్లు ఫినాయిలుకు పాలిపోయాయి. పగలంతా ఊళ్లోవాళ్ల పిల్లల ముక్కులు తుడిచి, సాయంత్రం హాసినికి గుడ్డు ఒలిచి పెడుతుంది. కూతురు హిమబిందు, అల్లుడు కిషోర్ బాపట్లలో బట్టల కొట్లో పనిచేస్తారు, ఆదివారాలు వచ్చి పోతారు. పుట్టినప్పుడు పిడికెడైనా లేని పిల్లకు రాగిజావ పోసి, పప్పన్నం పెట్టి ఇంతదాన్ని చేసిందెవరు? ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

టిఫిన్ తింటూనే పిల్లకు ఆయాసం ఎగదన్నింది. డొక్కలు లోపలికి పోతున్నాయి. మాణిక్యాంబ పిల్లను భుజాన వేసుకుని ఆటో ఎక్కి, కూతురికి ఫోన్ చేస్తూ ఆసుపత్రికి చేరింది.

డాక్టరమ్మ పిల్ల మూతికి మాస్కు తగిలించి మందు ఆవిరి పట్టించింది. ఊపిరి దారికొచ్చాక పిల్ల తల వాసన చూసి మండిపడింది.

"సాంబ్రాణా! ఈ పిల్లకి పొగ తగలనివ్వొద్దని పోయిన నెలే చెప్పానుగా?"

"నాకెవరు చెప్పారండీ?"

"వాళ్లమ్మకి చెప్పానండి."

అప్పుడే భర్తతో రైలు దిగి వచ్చిన హిమబిందు నేల చూపులు చూసింది. పిల్లను మోసే చంక ఒకరిది, జాగ్రత్తలు వినే చెవి ఇంకొకరిది! ఆ ఒక్క మాట అమ్మ చెవిన వేయడానికి నెల రోజులూ నోరు రాలేదా?

"అందుకే పెద్దవాళ్ల దగ్గర ఉంచొద్దన్నాను. నాటు వైద్యాలు చేసి ప్రాణం మీదికి తెస్తారు," అన్నాడు కిషోర్.

మాణిక్యాంబకు ఒళ్లు మండింది. "పొగ పెట్టింది నేనే అల్లుడుగారూ, కాదనను. వద్దని తెలిసీ నాకు చెప్పనిదెవరో అదీ అడగండి."

అతను మందుల చీటీ పట్టుకుని బయటికి నడిచాడు.

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా," అంది హిమబిందు. తప్పు నాదేనన్న ఒక్క ముక్క కూతురి నోట వస్తుందేమోనని మాణిక్యాంబ చాలాసేపు చూసింది. రాలేదు.

సాయంత్రం పిల్లను ఆసుపత్రి నుంచి అటే బాపట్ల తీసుకెళ్లిపోయారు. అక్కడ పిల్లల్ని చూసే చోటేదో ఉందట. ఆటోలోంచి హాసిని చెయ్యి చాపింది.

"అమ్మమ్మా, నువ్వెక్కవా?"

"మీ అమ్మ ఉందిగా, పో తల్లీ," అంది. ఆ ఆటో మలుపు తిరిగాకే ఏడ్చింది.

ఇంటికొచ్చి లైటు వేసింది. గట్టు మీద కంచంలో ఎండిపోయిన ఇడ్లీ, దాని అంచున చిన్న పళ్ల గాటు.