పెరటి గూట్లో సెంటు

కాళ్ల మీద పోసుకున్న మొదటి చెంబు నీళ్లు ఎర్రగా పోయాయి, రెండో చెంబు ఇటుక రంగులో, మూడోది తేటగా. పెరటి కొళాయి కింద బండ మీద నిలబడి ఉరుకుందమ్మ కొబ్బరి పీచుతో మడమలు రుద్దుకుంది, మోచేతుల దాకా సబ్బు పెట్టుకుంది, మోటారు గదిలోకి వెళ్లి బస్సు చీర విడిచింది. కుడతిని నుంచి బళ్లారికి వచ్చే దారిలో ముందూ వెనకా మట్టి లారీలే. బస్సు కిటికీలకు అద్దాలున్నా లేకున్నా ఒకటే. ఈ ఇంటివాళ్లిచ్చిన పని చీర తీగ మీద వేలాడుతోంది, సెంటు పట్టి బిరుసెక్కి. దాన్ని ముట్టకుండా, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉతుకు చీర కట్టుకుంది. అయినా బయటికి రాగానే, రోజూ లాగే, ఆమె కుడిచేయి తనను అడగకుండానే గోడలోని గూటివైపు వెళ్లింది. అక్కడ ఆగింది.

గూట్లో కొత్త సీసా ఉంది. పాతది అడుగంటిన సంగతి ఉరుకుందమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కరలేదు. సీసాలో మట్టం ఎంత దిగిందో ఇంటి యజమానురాలు చంద్రిక అప్పుడప్పుడూ వచ్చి వెలుతురుకెత్తి చూసుకుంటుంది. కొత్తది పొడుగ్గా, నీలంగా, మీద పలుచని ప్లాస్టిక్ కాగితం విప్పకుండా నిలబడి ఉంది.

చేయి ఆగడానికి కారణం నిన్నటి సాయంత్రం. కూతురు అంబిక పురిటికి వచ్చి ఇంకా పుట్టింట్లోనే ఉంది. కుడతినిలో ఒకవైపు మట్టి లారీలు, మరొకవైపు కొత్తగా లేచిన కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు. ఆ పసిదాని ఊపిరిలో పుట్టినప్పటి నుంచీ సన్నని ఈల ఉంది. బిడ్డ దగ్గర పొగ గాని, ఊదుబత్తి గాని, సెంటు గాని తగలకూడదని ఆసుపత్రి నర్సమ్మ చెప్పి పంపింది. నిన్న పని నుంచి రాగానే ఉరుకుందమ్మ ఆత్రంగా ఎత్తుకుంది. బిడ్డ తుమ్మింది, మళ్లీ తుమ్మింది, ఆపైన ఊపిరందక ముఖం నల్లబడింది. అంబిక బిడ్డను లాక్కుంది. లాక్కున్నందుకు తానే ఏడ్చింది.

"నీ మీద కోపం గాదమ్మా. ఆ వాసన ఉన్నన్నాళ్లు బిడ్డను ముట్టొద్దు."

ఉరుకుందమ్మ కుంకుడు రసంతో తలంటుకుంది. తెల్లవారుతూ మరోసారి అంటుకుంటే గాని వెంట్రుకల మొదళ్లు వదిలి ఆ వాసన పోలేదు. ఈలోగా మనవరాలిని గడప అవతలి నుంచి చూస్తూ అన్నం తింది.

ఆ సెంటు ఆమె కోరుకున్నది కాదు. చైనా ఈ నేల ఇనుపమట్టిని కొనడం మొదలుపెట్టాక, కెంచనగుడ్డలో తరతరాలుగా వరి పండించిన గురునాథ్ కుటుంబం టిప్పర్లు కొని, బళ్లారికి వచ్చి, ఈ పాలరాతి ఇల్లు కట్టుకుంది. ఉరుకుందమ్మ పనిలో చేరిన వారంలోనే గురునాథ్ భార్య చంద్రిక ఆమెను వంటింటి గుమ్మంలో ఆపి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా, ఎంతో మర్యాదగా ఒక ఆకుపచ్చ సీసా చేతికిచ్చింది. లోపలికి వచ్చే ముందు రోజూ కొట్టుకోవాలంది. ఫ్రెష్‌గా ఉంటుందంది. దేని వాసన పోవాలో మాత్రం చెప్పలేదు. దాని పేరు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఏ కొళాయి కింద కడిగినా అది పోదని నమ్మేవాళ్లు కనుకనే ఎవరూ దాన్ని పైకి పలకరు. గురునాథ్ గనుల నుంచి ఎర్రమట్టి బూట్లతో నేరుగా హాల్లోకి నడిచి వస్తాడు. అతనికి ఎవరూ సీసా ఇవ్వలేదు.

ఆనాటి నుంచి ఆమె ఒంటి మీద చాలా చౌక సెంట్లు బతికి చచ్చాయి. ఆకుపచ్చ సీసాలోది మల్లె. కొట్టుకున్న క్షణాన పెళ్లిపందిరి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి దోమలబత్తి. మొదటిరోజు దాన్ని పూసుకుని గిన్నెలు తోముతుంటే, ఎవరో ఆడమనిషి వెనక నిలబడినట్టనిపించి ఆమె పలుమార్లు తిరిగి చూసింది. తరువాత గంధం పేరుతో వచ్చినది చెమటలో కలిసి పులిసిన మజ్జిగయ్యేది. చంద్రిక కొడుకు విక్రమ్ వాడి విసిగి పారేసిన మగవాళ్ల స్ప్రే కొన్నాళ్లు నడిచింది. అన్నాళ్లూ ఆమెకు తన చాప మీద పరాయివాడెవరో పడుకున్నట్టే ఉండేది. మధ్యలో నిమ్మకాయదొకటి వచ్చింది. అదొక్కటే ఆమెకు నచ్చింది. చల్లగా తగిలి, అతిగా మాట్లాడకుండా, అంట్లు ముగిసేలోపు తనంతట తాను వెళ్లిపోయేది. చంద్రికకు నచ్చనిది కూడా అదొక్కటే.

సుగంధమంటే ఉరుకుందమ్మకు పగ లేదు. అంబిక పెళ్లికి ముందు ఉరుసులో అత్తరు సాయిబు దగ్గర చిటికెనవేలంత బుడ్డిలో గులాబీ అత్తరు తానే కోరి కొనుక్కుంది. దూదిలో అద్ది చెవి మడతలో పెట్టుకుంటే, పెళ్లి జరిగినన్నాళ్లూ తల తిప్పినప్పుడల్లా అది ఆమెను పలకరించింది. పూసుకోవడం వేరు, పూయించుకోవడం వేరు.

పూయించుకున్నది ఒంటితో ఆగలేదు, బుద్ధికీ పట్టింది. నీ దగ్గర వాసన ఉందని ఒక మనిషిని నమ్మించడానికి మాటలక్కరలేదు. రోజూ ఉదయం ఒక సీసా చాలు. ఉరుకుందమ్మ బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడసాగింది. పెళ్లిళ్లలో చివరి పంక్తి చివరన కూర్చునేది. కుడతిని బడిలో పిల్లలకు అన్నం వండే అంజినమ్మ తనకు తోడు రమ్మని ఈ మధ్యనే అడిగింది. ఉన్న ఊళ్లో పని, దుమ్ములో ప్రయాణం లేని పని. పిల్లలు ముక్కు మూసుకుంటారేమోనని భయపడి ఉరుకుందమ్మ వద్దంది. అన్నిటికన్నా హీనమైనది మరొకటుంది. ఆమె భర్త పరశురామ్ చోరనూరు దగ్గర గని కుప్పల మీద ఆమె పక్కనే కూర్చుని రాయి కొట్టి, ఆ దుమ్ముకే దగ్గి దగ్గి పోయినవాడు. బతికుండగా అతడు ఏనాడూ ఆమె ఒంటి వాసన గురించి ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని ఆమె ఇప్పుడు అనుమానించడం మొదలుపెట్టింది. పాపం, ఓర్చుకున్నాడేమో అనుకునేది.

సెంటు లేకుండా పని చేసుకోనిమ్మని ఈ పొద్దు అడగాలని ఆమె బస్సులోనే నిశ్చయించుకుంది. వంటింటి గుమ్మం బయట నిలబడి పిలిచింది. చంద్రిక చెవికి ఫోను ఆనించుకునే వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి విక్రమ్‌కు పిల్లనిచ్చేవాళ్లు వస్తున్నారు.

"అమ్మా, ఆ సెంటు సంగతి. మా అంబిక బిడ్డకు..."

"కొత్తది పెట్టినా కదే గూట్లో. పాతదాని మాదిరి ఘాటు ఉండదంట, ఆ వాసన మాత్రం రానియ్యదంట. స్వల్ప ఎక్కువే కొట్టుకో, ఈ పొద్దు మంది వస్తాండారు."

ఆ వెంటనే ఫోనులోని మనిషికి జవాబిస్తూ వెనక్కి తిరిగింది. అడగడమూ అయిపోయింది, జవాబూ అయిపోయింది.

ఉరుకుందమ్మ మళ్లీ గూటి దగ్గరకు వచ్చి సీసా తీసింది. ప్లాస్టిక్ కాగితం కొస కోసం గోటితో వెతికింది. దొరికింది కూడా. అప్పుడు బిడ్డ ఊపిరిలోని ఈల, అంత దూరాన ఉన్నది, ఆమె చెవిలో మోగింది. సీసాను ఉన్నచోటే నిలబెట్టి, ఒంటి మీద నీళ్ల తడి తప్ప మరేమీ లేకుండా ఆమె ఆ ఇంటి గడప దాటింది.

దొంగలు కూడా అంత ఒదిగి నడవరు. మోచేతులు పక్కలకు అదుముకుని ఊడ్చింది, ఎవరైనా గదిలోకి వస్తే గదిలోంచి జరిగిపోయింది. సెంటు అడ్డం తొలగేసరికి ఇల్లు ఆమె ముక్కుకు మొదటిసారి తగిలింది. గురునాథ్ విడిచిన చొక్కాల్లో డీజిలు. గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలో తడిసిన ఎర్రమట్టి, తుప్పు. సోఫాల్లో ఎప్పటిదో బిర్యానీ. చంద్రిక పడకగదిలో, దుబాయి సీసాల పరిమళం అడుగున, తెరవని కిటికీల మధ్య, మామూలు మనిషి చెమట.

వెనక గదిలో గురునాథ్ తల్లి అక్కమ్మ మంచం మీద కూర్చుని వక్క నములుతోంది. ఊరి నుంచి తెచ్చి ఈ గదిలో పెట్టాక ఆమెకు చూపు మందగించింది గాని నోరు మందగించలేదు.

"ఎవురే అది, ఉరుకుందవా? పిల్లి మాదిరి వస్తాండావే."

ఉరుకుందమ్మ తలుపు దగ్గరగా వేసింది. ఇన్నేళ్లుగా ఎవరినీ అడగలేని మాట ఆ ముసలామెను అడిగింది.

"పెద్దమ్మా, నిజం చెప్పు. నా దగ్గర కంపొస్తాందా?"

"నా ముక్కు పనిజేసేది ఎప్పుడో మానుకునె. నన్నడిగితే ఏం లాభం?" అక్కమ్మ వక్కను బుగ్గన పెట్టుకుంది. "నాకూ ఇచ్చినాదిలే నా కోడలు ఒక సీసా. నీది కూలోళ్ల కంపంట, నాది పల్లె కంపంట. నేను దాన్ని చీమలకు కొట్టినా."

"చచ్చినాయా?"

"యాడ చచ్చేది. పరిమళంగా తిరుగుతాండాయి."

ఉరుకుందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాని అడిగిన ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది.

పెళ్లివారు వచ్చారు, తిన్నారు. చివరి వడ్డన వేళ చంద్రిక విసవిసా వంటింట్లోకి వచ్చింది. పట్టుచీర కుచ్చిళ్ల మీద పెరుగుపచ్చడి ఒలికింది. తుడవడానికి అందుబాటులో ఉన్నది ఉరుకుందమ్మ ఒక్కతే. ఆమె తడిగుడ్డ పట్టుకుని చంద్రిక ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఇంత కాలంలో వాళ్లిద్దరూ అంత దగ్గరగా ఎన్నడూ లేరు. తన ఊపిరి ఆపితే తన వాసన కూడా ఆగుతుందన్నట్టు ఉరుకుందమ్మ ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు తెలిసిపోతుంది, అనుకుంది. మరక ఎక్కడిదాకా పాకిందో చూడడానికి చంద్రిక వంగింది. ఆమె ముక్కుపుటాలు ఒకసారి విచ్చుకుని మూసుకున్నాయి.

"చూసినావా," అంది చంద్రిక తృప్తిగా. "మంచి సామాను మంచి సామానే. ఈ పొద్దు నీ దగ్గర ఏ వాసనా లేదు. ఇంకమీదట ఇదే తెప్పిస్తా."

ఉరుకుందమ్మ చేయి ఆగలేదు. మరక పోయేదాకా అద్దింది. నెత్తి మీది తట్ట దించిన తరువాత కూడా మెడ కొంతసేపు ఆ బరువును మోస్తూనే ఉంటుంది. దిగిందని దానికి తెలియడానికి కొంత వ్యవధి కావాలి. మట్టితట్టలు మోసిన ఆమెకు ఆ వ్యవధి తెలుసు. పెరట్లో గుడ్డ పిండుతుండగా అది ముగిసింది. వాసన లేదు. ఈ పొద్దు పోయినది కాదు, ఏనాడూ లేనిదే. పరశురామ్ ఓర్చుకోలేదు, చెప్పడానికి ఏమీ లేక చెప్పలేదు. చనిపోయినవాణ్ణి ఇన్నాళ్లు అనుమానించినందుకు కళ్లు చెమర్చాయి గాని, ఆమె పెదవుల మీద ఉన్నది నవ్వే.

అంట్లు తోముతూ ఒక ఉపాయం ఆలోచించింది. రోజూ ఆ సీసాలోది కొంచెం మోరీలో కొట్టేస్తే మట్టం దిగుతుంది, చంద్రిక తృప్తి పడుతుంది, బిడ్డకు సెంటు తగలదు, పనీ నిలుస్తుంది. ఉపాయంలో లోపం లేదు. చివరి గిన్నె బోర్లించేదాకా ఆమెకు అందులో లోపం కనిపించలేదు. ఆ తరువాత కనిపించింది. దాన్ని మోరీలో పోసినా సరే, లేని వాసన ఉందని రోజూ ఉదయం ఒప్పుకున్నట్టే.

బస్సు చీర కట్టుకుని, ఉతుకు చీర మడిచి సంచిలో పెట్టుకుంది. తీగ మీది పని చీర వాళ్లదే. దాన్ని అక్కడే ఉండనిచ్చింది. వంటింటి కిటికీ దగ్గర నిలబడి, రేపటి నుంచి రానని చెప్పింది. చంద్రికకు ముందు అర్థం కాలేదు. ఎవరైనా ఏమైనా అన్నారా, మరో ఇంటివాళ్లు పిలిచారా అని అడిగింది.

"ఎవరూ ఏమీ అనలేదమ్మా. మా ఊరి బడిలో పిల్లోళ్లకు అన్నం వండేకి రమ్మన్నారు. సాయంత్రం నా మనవరాలిని ఎత్తుకోవాల."

"ఉన్నట్టుండి ఇట్ల చెప్తే ఎట్లనే? అంత మంచి సెంటు తెప్పిస్తినే నీకు."

"మంచిదేనమ్మా," అంది ఉరుకుందమ్మ. "గూట్లోనే ఉండాది."

వెనక గది కిటికీ మీదుగా వెళుతూ, పోయొస్తానని అక్కమ్మకు చెప్పింది. చీమలకు చెబుతాలే అంది అక్కమ్మ.

బస్సులో ముగ్గురు కూర్చునే సీటులో ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల మధ్య ఒక వంకాయల గంప. ఉరుకుందమ్మ అడిగితే వాళ్లు గంపను కాళ్ల దగ్గరకు జరిపి చోటిచ్చారు. ఆమె కూర్చుంది, భుజానికి భుజం తగిలేట్టు. కిటికీ పక్కనున్నావిడ కాసేపటికి ఆమె భుజం మీదనే తల వాల్చి నిద్రపోయింది. ఆ నిద్ర చెడగొట్టకూడదని ఉరుకుందమ్మ కుడతిని దాకా కదలలేదు.

స్టాండు నుంచి ముందు అంజినమ్మ ఇంటికి వెళ్లి, రేపు వస్తానని చెప్పింది. తన ఇంటికి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కుని, దుమ్ము చీర మార్చుకుని, గడప దగ్గరే నిలబడింది. అంబిక లేచి వచ్చి తల్లి మెడ దగ్గర ముఖం పెట్టి వాసన చూసింది. లోపలికి వెళ్లి బిడ్డను తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. బిడ్డ అవ్వ మెడ వంపులో ముక్కు ఆనించింది. తుమ్మలేదు. ఈల ఉంది, ఎప్పుడూ ఉన్నంత సన్నగా. కొంతసేపటికి ఆ చిన్న ఒళ్లు బరువెక్కి నిద్రలోకి జారింది.

ఆ వేళకు బళ్లారిలో గురునాథ్ టిప్పర్లు సాయంకాలపు లోడుతో వరసగా రోడ్డెక్కాయి. పెరటి గూట్లో నీలం సీసా ఉన్నచోటే ఉంది, మీద ప్లాస్టిక్ కాగితం విప్పకుండా, ఒక కొసన చిన్న గోటి గాటుతో, దాని మీద ఎర్రమట్టి సన్నగా దిగుతూ.