అడుగు పలక

నికనోర్ చెంప నేలకు ఆనించి పనిచేయడం మొదలుపెట్టి మూడు గంటలైంది. మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దున తిన్న రెండు రొట్టెలు ఎప్పుడో అరిగిపోయాయి. వంటగదిలో కింది వరస కప్‌బోర్డులకూ నేలకూ మధ్య నాలుగంగుళాల సందు ఉంటుంది. నిలబడి పని చేసుకునేవాళ్ల కాలివేళ్లు పట్టడానికి వదిలే చోటు అది. దాన్ని ఉత్తగా వదిలేస్తే చూపుకు బాగుండదని ఈమధ్య లాస్ ఏంజెలెస్‌లో అందరికీ తోచింది. చెక్కుడు పాదాలు కావాలి, రెండు పాదాల మధ్య విల్లులా వంపు తిరిగిన పలక కావాలి. ఒక్కో పాదం ఖరీదు ముప్పై ఎనిమిది డాలర్లు. వాటిని బిగించే మనిషికి రోజుకు నూట డెబ్భై. మోకాళ్ల నొప్పులు మాత్రం ఎవరివి వారివే.

పాత ఇల్లు కావడంతో నేల ఎక్కడా సమంగా లేదు. పలకను నేలకు ఆనించి, ఎగుడుదిగుళ్లను పెన్సిలుతో గీసుకుని, ఆ గీత దాకా చిత్రిక పట్టి, మళ్లీ పెట్టి చూడాలి. కుదరకపోతే మళ్లీ తీయాలి. ఇక్కడికి రాకముందు, మెక్సికోలో వాళ్ల ఊరు క్వానాహోలో నాన్న చెక్కపెట్టెలు చేసేవాడు. ఆయన ఎప్పుడూ కాళ్లతోనే పని మొదలుపెట్టేవాడు. కాళ్లు కుదరని పెట్టెకు నగిషీ చెయ్యడమంటే జ్వరం మనిషికి పెళ్లిబట్టలు తొడగడమే అనేవాడు. ఇక్కడ కాళ్లు ఆఖరికి వస్తాయి. పైగా అవి దేన్నీ మొయ్యవు.

గిన్నెలు కడిగే మిషను పక్కకు వచ్చేసరికి వాసన తగిలింది. నికనోర్ సందులోకి టార్చి కొట్టి చూశాడు. అడుగు చెక్కంతా నల్లటి బూజు పట్టి, గోడ మీదికి కూడా పాకింది. వేలితో నొక్కితే కింద నేలచెక్క నానిన రొట్టెలా దిగిపోయింది. కప్‌బోర్డులు నిలబెట్టిన వారంలో ఇక్కడే పైపు కారింది. ఆ రోజే కాంట్రాక్టరు ఫెర్మీన్‌కు చెప్పాడు. పైపయితే బిగించారు గానీ, తడి ఆరకముందే కప్‌బోర్డుల పైన గట్టు రాయి పరిచేశారు.

పక్కగదిలోంచి దగ్గు వినిపించింది. దగ్గు వెనకే ఇంటావిడ డోరిస్ గుమ్మంలోకి వచ్చింది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. డెబ్భై ఆరేళ్లు. ఈ వంటగది కోసం పదకొండేళ్లు కూడబెట్టానని మొదటిరోజే చెప్పింది. చేతిలో ఇన్‌హేలర్ ఉంది.

"పాదాలు బిగించేశావా నికనోర్? అయ్యాక ఒక ఫొటో తీసి చూపించు. నేను అంత కిందికి వంగలేను."

"చూపిస్తానమ్మా."

"వారం నుంచీ ఈ దగ్గు వదలట్లేదయ్యా. కొత్త పెయింటు వాసనకేనని ఫెర్మీన్ అన్నాడు. అంతేనంటావా?"

నికనోర్ టార్చి ఆర్పేశాడు. "కిటికీ తీసి ఉంచండమ్మా" అన్నాడు. తన జవాబు తనకే సిగ్గనిపించింది. ఆవిడ తలూపి వెళ్లిపోయింది.

కాసేపటికి ఫెర్మీన్ బూట్లు వచ్చి అతని మొహం ముందు ఆగాయి.

"ఏం కొంపాద్రే, ఇంకా పొర్లుతూనే ఉన్నారా? నాలుగింటికల్లా ఊడ్చేసి బయటపడాలండీ."

చిన్నప్పుడు ఒకే వీధిలో ఏరా అంటే ఏరా అనుకుని పెరిగినవాళ్లు. నికనోర్ కూతురు యరేలీకి బాప్తిస్మమప్పుడు జ్ఞానతండ్రిగా నిలిచి ఫెర్మీన్ చర్చిలో బిడ్డను చేతుల్లోకి తీసుకున్న గడియ నుంచి ఇద్దరూ ఒకరికొకరు కొంపాద్రేలు అయ్యారు, ఏరా పోయి మీరు వచ్చింది. అది వాళ్ల ఊరి మర్యాద. కొంపాద్రేల మధ్య నువ్వు అన్న మాట రాకూడదు, కాదన్న మాట అసలే రాకూడదు. ఆ మర్యాద చాటునే ఫెర్మీన్ పదహారేళ్లుగా ఆదివారాలు కూడా పని చేయించుకున్నాడు.

"ఇటు వంగి చూడండి" అన్నాడు నికనోర్.

ఫెర్మీన్ వంగలేదు. "పోయిన వారమే చూశా. అందుకేగా ఆ నల్లపలక కోయించి తెచ్చింది. ముందు దాన్ని కొట్టి చుట్టూ సీలెంటు దట్టించండి. దానిమీద మీ వంపు పలక. వాసన బయటికి రాదు."

"వాసన రాకపోతే బూజు పోతుందా?"

"రాయి ఎత్తితే పగులుతుంది. కప్‌బోర్డులు మూడు ఊడదీయాలి, నేల కొత్తగా వెయ్యాలి. నాలుగు వేలు. మీరిస్తారా?"

"ఆవిడకి ఊపిరాడట్లేదు కొంపాద్రే."

"ఆ వయసులో ఎవరికాడుతుంది చెప్పండి?" ఫెర్మీన్ గొంతు తగ్గించాడు. ఆవిడకు వాళ్ల భాష రాదు, అయినా తగ్గించాడు. "కాగితాల్లేని మనిషికి ఇన్నేళ్లు పని చూపించిందెవరండీ? ఇల్లు అద్దెకి ఇప్పించిందెవరు? యరేలీ పదిహేనో పుట్టినరోజుకి గౌను కుట్టించిందెవరు? నా బిడ్డే అనుకుని కుట్టించా."

అవన్నీ నిజాలే. అదే వచ్చిన చిక్కు. నికనోర్ నల్లపలక అందుకుని సందులో పెట్టాడు. అది అతికినట్టు కుదిరింది. ఇలాంటి పలకలు అతను ఇదివరకు కొట్టనివేం కాదు. ఒక ఇంట్లో మాడిన వైరు మీద కొట్టాడు, ఇంకో ఇంట్లో చెదలు పట్టిన దూలం మీద కొట్టాడు. ఆ ఇళ్లవాళ్లు రోజూ ఆ పలకల ముందే నిలబడి వండుకుంటున్నారు. అది తలచుకుంటే అతనికి కోపం కూడా రాదు, ఒళ్లంతా అలసటగా ఉంటుంది.

మేకులు దిగ్గొట్టే నెయిల్ గన్ పలకకు ఆనించాడు. పక్కగదిలో దగ్గు మళ్లీ మొదలైంది. ఆగుతుందేమోనని చూశాడు. అది ఆగలేదు.

పలకను బయటికి లాగి గోడకు ఆనించాడు. కప్‌బోర్డు అంచు పట్టుకుని లేచాడు. మోకాళ్లు రెండూ టకటకమన్నాయి. ఇందాకటి నుంచి బూట్లే కనిపించిన మనిషి మొహం ఇప్పుడు ఎదురుగా ఉంది. నెయిల్ గన్ తీసి ఆ మనిషి చేతిలో పెట్టాడు.

"నేను కొట్టను ఫెర్మీన్. అంతగా కావాలంటే నువ్వే కొట్టుకో."

నాలుగు వేల మాటకు తొణకని మనిషి ఆ నువ్వు అన్న మాటకు తెల్లబోయాడు. "ఏమన్నారు?" అన్నాడు. మళ్లీ, "రేపట్నుంచి పనికి తీసుకెళ్లే వ్యాను మీ వీధిలోకి రాదు" అన్నాడు.

"రాకపోతే రాకపోయింది" అన్నాడు నికనోర్. అంటూనే పై నెల అద్దె గుర్తొచ్చింది.

మాటలు విని డోరిస్ గుమ్మంలోకి వచ్చింది. "అయిపోయిందా?" అని అడిగింది.

"కాలేదమ్మా" అన్నాడు తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో. "ఫొటో వద్దు. మీరే చూడాలి. వంగలేనన్నారుగా, నేను పట్టుకుంటాను."

ఆవిడ ఒకసారి ఫెర్మీన్ వైపు, ఒకసారి నల్లపలక వైపు చూసింది. నికనోర్ టార్చి వెలిగించి భుజం అందించాడు. ఆవిడ ఆ భుజాన్ని గట్టిగా పట్టుకుని, దగ్గును ఆపుకుంటూ, ముందు ఒక మోకాలు వంచడం మొదలుపెట్టింది.