తాడు పట్టుకునే మనిషి

మునిసిపల్ ఆఫీసు మీటింగు హాల్లో కుర్చీలు ఆఫీసు వాళ్లకు, నేల పారిశుద్ధ్య కార్మికులకు. ఆ రోజు నేల మీద కూర్చున్న నూట నలభై మందిలోంచి కమిషనర్ ఒక్క మనిషిని లేపి నిలబెట్టాడు.

"ఈమెను అందరూ చూడండి," అన్నాడు. గోడ మీది తెరపై ఎర్రగీత ఒకటి వెలిగింది. "నాలుగు గంటల డ్యూటీలో మూడు గంటల నలభై నిమిషాలు కదల్లేదు. దిష్టిబొమ్మ అయినా గాలికి కాస్త కదులుతుంది!"

కుర్చీలు నవ్వాయి. నేల నవ్వలేదు.

ఆమెను అందరూ తాడక్క అంటారు. తమ్ముడు మ్యాన్‌హోల్‌లోకి దిగి పూడిక తీస్తుంటే పైన తాడు కొస పట్టుకుని నిలబడటం పన్నెండేళ్లుగా ఆమె పని. రెండో కొస వాడి నడుముకు ఉంటుంది. వాడు ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే పైకి లాగమని. ఆ రెండో లాగుడు కోసమే ఆమె అన్నేళ్లూ రెప్పవాల్చకుండా నిలబడింది. మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ లాగింది, వాడు బతికాడు.

ఈ గోలంతా పనితీరు మెరుగుపరిచే కొత్త పథకం వల్ల. అందరి చేతులకూ నల్ల వాచీలు తొడిగారు. అవి టైము చూపించవు. మనిషి పది నిమిషాలు కదలకపోతే కీచుమని అరిచి, ఆఫీసుకు చాడీ చెప్పి, పేరు పక్కన ఆ రోజుకో ఎర్రగుర్తు వేయిస్తాయి. మూడు గుర్తులు పడితే పని ఊడినట్టే. తాడక్కకూ తమ్ముడికీ అప్పటికే రెండేసి పడ్డాయి.

"తాడు పట్టుకోవడం పని కాదా సార్?" అంది తాడక్క.

"దానికి మనిషెందుకమ్మా? స్తంభం చాలదూ? ఇద్దరి పని ఒకడు చేస్తే ఊరికి లాభం. రేపట్నుంచి నువ్వు పక్క వీధి ఊడువు."

అప్పుడు ఒక్కరైనా లేచి ఉంటే! లేవలేదు. ఎవరి వాచీ వాళ్లు చూసుకున్నారు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. కమిషనర్ మాటకన్నా ఆ మౌనమే ఎక్కువ ద్రోహం చేసింది.

మర్నాడు పొద్దున తమ్ముడే నచ్చజెప్పాడు. "మూడోది పడితే నీ పని పోతుందక్కా. ఆ కరెంటు స్తంభానికి కట్టెయ్. అరగంటలో వచ్చేస్తా."

"స్తంభానికి చేతులుంటాయట్రా?"

"నోరు కూడా ఉండదు. నీలాగా తిట్టదు. పోవే తల్లీ!"

నవ్వుతూనే దిగాడు. ఆమె ముడి రెండుసార్లు బిగించి, చీపురు పట్టుకుని పక్క వీధికి పోయింది. ఆగితే ఎక్కడ కీచుమంటుందోనని ఊపిరాడకుండా ఊడ్చింది.

ముప్పావుగంటకు మేస్త్రీ ఫోను చూసుకుంటూ వచ్చాడు. "ఏమే, నీ తమ్ముడికి మూడో గుర్తు పడింది. పది నిమిషాలుగా కదలట్లేదట. లోపల కునుకు తీస్తున్నాడేమో, పోయి లేపు."

చీపురు పారేసి పరుగెత్తింది. తాడు బిర్రుగా ఉంది. అది ఒరుసుకున్న చోట స్తంభానికి రంగు లేచిపోయింది. రెండుసార్లు కాదు, ఎన్నిసార్లు లాగాడో! స్తంభం తిరిగి లాగలేదు.

పుండు మీద కారం చల్లినట్టు సాయంత్రానికి ఆఫీసు కాగితం వచ్చింది. పనివేళలో కదలిక లేనందున అతన్ని తొలగించామని ఉంది. వాడు చచ్చిపోయాడన్న ముక్క అందులో ఎక్కడా లేదు.

చీపుర్లు దాచుకునే రేకుల షెడ్డులో అందరూ కూడారు. "పోయినవాడు పోయాడు. ఉన్నవాళ్లం బతకాలి గదా," అన్నాడు చెత్తబండి తాత.

తాడక్క లేచింది. "ఆ ముడి వేసింది నేనే. ఈ వాచీకి భయపడి వేశాను. ఆ పాపం నాదే, ఎవరికీ పంచను. కానీ ఆ రోజు హాల్లో మీరంతా కూర్చునే ఉన్నారు. ఒక్కరు లేచినా నా చెయ్యి తాడు మీదే ఉండేది."

 తాతే అడిగాడు. "ఇప్పుడేం చేద్దామంటావు?"

"నిలబడదాం."

ఎవరూ పనిలోకి దిగకపోవడంతో మర్నాటికి ఆఫీసు గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగింది. మురుగు కమిషనర్ కారు చక్రాల్ని ముంచింది. మ్యాన్‌హోల్ చుట్టూ అందరూ ఒకే తాడు పట్టుకుని నిలబడ్డారు. పది నిమిషాలకు వాచీలన్నీ ఒక్కసారే కీచుమన్నాయి. ఒక్క కాలూ కదల్లేదు. మెట్ల మీద ఆఫీసు వాళ్లు గుంపుగా చేరారు. కమిషనర్ పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"కదలండి! పని చెయ్యరా?"

"పనే చేస్తున్నాం సార్," అన్నాడు తాత.

"మరి లోపలికి దిగేదెవడు?"

తాడక్క తాడు రెండో కొసను ఆయన ముందుకు చాపింది. "మీరు దిగండి. పైన నూట ముప్పై తొమ్మిది మందిమి పట్టుకుంటాం. స్తంభానికి మాత్రం కట్టం."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పోలీసులు ఆమెను జుట్టు పట్టి ఈడ్చారు, లాఠీతో చేతుల మీద కొట్టి తాడు విడిపించారు. వ్యాన్ తలుపు మూసుకుంటుండగా మెట్ల మీది గుంపులోంచి ఒకామె దిగి వచ్చింది. తొలగింపు కాగితం టైపు చేసిన గుమస్తా ఆమె. ఆ వారమే ఆఫీసు వాళ్లకూ తొడిగిన కొత్త వాచీ ఆమె చేతికి ఉంది.

ఆమె మురుగులోకి నడిచి, కింద పడిన కొస తీసుకుని, తాత పక్కన నిలబడింది. పది నిమిషాలకు ఆమె వాచీ కూడా అరిచింది. ఆమె దానివంక చూడలేదు.