మెయిన్ ఆపిన సాయంత్రం

వీధిలో అతన్ని అందరూ కరెంటు అనే పిలుస్తారు. ఎవరింట్లో మోటారు మొరాయించినా, ఫ్యాను మూలిగినా, టెస్టరు జేబులో వేసుకుని వెళ్తాడు. లోపం గోడలో దాక్కున్నా పట్టేస్తాడని పేరు. ఆ పేరు కాస్త తలకెక్కింది కూడా.

భార్యకు ఎనిమిదో నెల. పొద్దున లేస్తూనే, "ఏమండీ, ఈ ట్యూబ్‌లైటు కొట్టుకుంటోంది. కళ్లకి చిరాగ్గా ఉంది" అంది. ఇంకేముంది, కరెంటు నిచ్చెనెక్కాడు. స్టార్టరు మార్చాడు.

"ఇప్పుడో?"

"అలాగే ఉంది."

ఏకంగా ట్యూబే మార్చి, గొప్ప పని చేసినవాడిలా పనిలోకి వెళ్లిపోయాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆమె వంటింట్లో గోడకు చేరగిలబడి, తల పట్టుకుని కూర్చుంది.

"ఇక్కడా కొట్టుకుంటోందండీ. తల పగిలిపోతోంది. ఇదిగో, ఇక్కడ పక్కటెముకల కింద నొప్పి."

"గ్యాసు అయ్యుంటుందిలే" అంది కూతురి కాన్పుకని వచ్చిన అత్తగారు. "మొహం వాచిందంటావా, నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకు చెప్పులే పట్టలేదు."

అతని కంటికి బల్బు నిక్షేపంలా వెలుగుతోంది. అయినా రెండు గదుల్లోనూ కొట్టుకుంటోందంటే గోడలో ఎక్కడో కనెక్షన్ వదులైందన్నమాట. చెప్పొద్దూ, లోలోపల సంబరపడ్డాడు కూడా. ఆ తెలివి తెల్లారినట్టే ఉంది. ఎదురుగా ఉన్న మనిషి మొహం చూడకుండా పొద్దుటి నుంచీ బల్బుల మొహాలు చూస్తున్నాడు.

"కాసేపు చీకట్లో ఓర్చుకో. బోర్డు విప్పి చూస్తా" అని మెయిన్ ఆపేశాడు. ఇల్లంతా మసక కమ్మింది. టార్చి కోసం జేబు తడుముకుంటుంటే వెనక నుంచి ఆమె నీరసంగా అంది:

"ఆపలేదేమండీ? ఇంకా కొట్టుకుంటోందిగా."

అతని చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

"ఏది?"

"లైటు. పక్కల నుంచి మెరుపుల్లా."

"కళ్లు మూసుకో."

"మూసుకునే ఉన్నాను."

లోపం ఏ గోడలోనూ లేదు. గబగబా వచ్చి ఆమెను లేవదీశాడు. "కాస్త వేన్నీళ్లు తాగిస్తే..." అని అత్తగారు అడ్డొచ్చింది.

"తప్పుకోండత్తయ్యా." ఆవిడతో అతను అలా మాట్లాడటం అదే మొదలు.

ఆసుపత్రిలో నర్సు బీపీ చూసింది. మళ్లీ చూసి, డాక్టరమ్మ కోసం పరుగెత్తింది.

"బీపీ చాలా ఎక్కువుంది" అంది డాక్టరమ్మ. "కడుపుతో ఉన్నవాళ్లకి ఒక్కోసారి ఇలా పెరుగుతుంది. ఆ వాపు, తలనొప్పి, మెరుపులు, నొప్పి, అన్నీ దానివే. ఎప్పట్నుంచి?"

"పొద్దుట్నుంచండీ."

"మరి ఇప్పటిదాకా ఏం చేస్తున్నారు?"

"లైటు బాగుచేస్తున్నానండీ."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఫిట్స్ రాకుండా మందిస్తున్నాం. బీపీ కాస్త దిగగానే ఆపరేషన్ చేసి బిడ్డను తీసెయ్యాలి. ఆలస్యమైతే ఇద్దరికీ ముప్పే" అని లోపలికి వెళ్లింది.

బయట బల్లమీద అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. అతను తలెత్తలేదు. ఎత్తితే పైన లైట్లుంటాయి.

ఆడపిల్ల పుట్టింది. పిడికెడంత ఉన్నా, అద్దాల పెట్టెలో తనంతట తనే ఊపిరి తీసుకుంటోంది. తల్లికీ స్పృహ ఉంది. కానీ డాక్టరమ్మ ముందే చెప్పింది: "కాన్పైపోయిందని ధీమా వద్దు. ఇంకొన్నాళ్లు బీపీ మళ్లీ ఎగబాకొచ్చు. తలనొప్పన్నా, మెరుపులన్నా వెంటనే పిలవండి."

మర్నాడు అతను మంచం పక్కనే కూర్చుని ఉండగా ఆమె కళ్లు చిట్లించింది.

"ఏమండీ, లైటు కొట్టుకుంటోంది."

అతను ఆమె మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. "సిస్టర్, తొందరగా రండి" అని వార్డంతా అదిరేలా కేక పెట్టాడు. నర్సు పరుగున వచ్చి చేతికి బీపీ పట్టీ చుట్టింది. అది బిగిసి, వదులయ్యేదాకా అతను ఊపిరి తీస్తే ఒట్టు.

"బాగానే ఉందండీ, తగ్గింది కూడా" అంది నర్సు. తర్వాత పైకి చూసింది. "ఓ, అదా? ఆ ట్యూబు ఎప్పుడూ అంతే."

అప్పటికిగానీ అతను తలెత్తలేదు. ట్యూబు నిజంగానే టపటపా కొట్టుకుంటోంది. చూస్తూ చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"స్టార్టరు పోయినట్టుంది, చూడరూ?" అంది భార్య.

"పోనీలే" అన్నాడు కరెంటు.